బాలింత గది మీద పందిరి

మొన్న మన కాలేజీ డిబేటింగ్ క్లబ్బు పిలిస్తే ఏలూరు వచ్చాను. సభ ముగిశాక మీలో ఒకమ్మాయి సూటిగా అడిగింది: "అక్కా, ఇక్కడ నేర్చుకున్న వాదన మీకు ఉద్యోగంలో ఎప్పుడైనా పనికొచ్చిందా?" టీ చల్లారిపోతోందన్న నెపంతో ఆ ప్రశ్నను దాటవేశాను. ప్రశ్నను దాటవేయడం వక్తకు తగని పని కాబట్టి, ఆలస్యంగానైనా ఈ జవాబు రాస్తున్నాను. ఉద్యోగ జ్ఞాపకాలు రాసే వయసు నాకు ఇంకా రాలేదు. అయితే నేను పనిచేసిన బ్రాంచే మూతబడింది గనుక, ఆ ఉద్యోగం వరకు నేనూ విశ్రాంత ఉద్యోగినినే.

మా పని చెప్పుకోవడానికి చిన్నది. ఎవరైనా పిలిస్తే వాళ్ళ ఇంటికి వెళ్ళి, కరెంటు బిల్లు ఎందుకు పెరుగుతోందో చూసి, ఎక్కడ తగ్గించుకోవచ్చో చెప్పి రావడం. ఏలూరు నుంచి ఉంగుటూరు, గణపవరం, తాడేపల్లిగూడెం వరకు మా తిరుగుడు. ఈ ప్రాంతపు వేసవి మీకు నేను చెప్పనక్కరలేదు. ఎండ ఒక ఎత్తు, కొల్లేటి మీద నుంచీ చేపల చెరువుల మీద నుంచీ లేచి వచ్చే ఉక్క ఒక ఎత్తు. ఎండను గొడుగుతో ఆపవచ్చు గానీ ఉక్కను ఆపలేం. అందుకే అప్పో సప్పో చేసి ఏసీ కొంటారు. కొన్న మరుసటి నెల బిల్లు చూసి మమ్మల్ని పిలుస్తారు.

మేము చెప్పే మాటల్లో బ్రహ్మరహస్యాలేమీ ఉండవు. ఏసీ ఫిల్టరు కడగండి. పద్దెనిమిదిలో పెట్టి దుప్పటి కప్పుకునే బదులు ఇరవై ఆరులో పెట్టి ఫ్యాను వేసుకోండి. పడమటి కిటికీకి లోపల పరదా కాదు, బయట చాప కట్టండి. ఎండను గదిలోకి రానిచ్చి తర్వాత పోరాడటం దండగ. "ఈ మాత్రం చెప్పడానికి ఒక కంపెనీ ఎందుకమ్మాయ్?" అని మా పెద్దాయన నన్నే అడిగేవారు.

పెద్దాయన అంటే మా బ్రాంచిలో నాకు సీనియరు. విద్యుత్ శాఖలో జీవితమంతా పనిచేసి, రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక మాతో చేరారు. ఏ ఇంటికి వెళ్ళినా మీటరు చూడటానికి ముందు మజ్జిగ పుచ్చుకునేవారు. పిల్లల చదువులు అడిగేవారు, పెద్దవాళ్ళ ఆరోగ్యం అడిగేవారు, గోడకున్న ఫోటోల్లో ఎవరెవరో తెలుసుకునేవారు. నేను ఈలోగా సంచీలోంచి పరికరాలు తీసి, ఉపరితలాల వేడి కొలిచే తుపాకీలాంటి థర్మామీటరు పట్టుకుని నిలబడి ఉండేదాన్ని. ఆయనది కాలయాపన అనీ, నాది పని అనీ నా నిశ్చితాభిప్రాయం.

నేను చెప్పదలచిన సంగతి తాడేపల్లిగూడెంలో జరిగింది. రోహిణీ కార్తె. ఉల్లిపాయల హోల్‌సేలు వ్యాపారం చేసే ఒక షావుకారుగారు ఫోను చేశారు. "ఏవండీ, ఈ నెల బిల్లు చూసి మీటరు పాడైందనుకున్నాను. మీటరు బాగానే ఉందంటున్నారు. మరి మా ఇంట్లో కరెంటు తాగే దెయ్యం ఏదో ఉండాలి కదండీ. మీరొచ్చి పట్టుకోవాలి."

దెయ్యం పట్టుకోవడం ఎంతోసేపు పట్టలేదు. విశాలమైన హాలు, అందులో పెద్ద ఏసీ. అది ఉన్నంతలో అన్నిటికన్నా తక్కువ అంకె మీద తెల్లవారుజాము నుంచి తిరుగుతోందట. హాల్లో ఒక్క మనిషి కూడా లేడు. పడమటి వైపున్న గది తలుపు బార్లా తీసి, దాని తెర సగం పైకి మడిచి ఉంది. చల్లదనమంతా వృథాగా పోతోంది. నేను కాగితం మీద మొదటి సలహా రాసుకుని తలుపు వేయబోయాను.

"అటు వెళ్ళకండమ్మా!" ఇల్లాలు గాభరాగా అడ్డొచ్చారు. "అది పురిటి గది."

పెద్దాయన వెంటనే ముఖం తిప్పుకుని వరండాలోకి నడిచారు. పరాయి మగవాళ్ళు అటు చూడరు. నన్ను ఆపినది మైల. ఇల్లాలు గొంతు తగ్గించి సంగతి చెప్పారు. కూతురు తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. మగపిల్లాడు పుట్టాడు. బాలింతకు గాలి తగలకూడదని ఇంటి పెద్దావిడ, అంటే షావుకారుగారి తల్లి, గదిలో ఫ్యాను వేయనివ్వరు. కిటికీలు మూయించి, సందుల్లో గుడ్డలు కుక్కించారు. "పిల్ల ఉడికిపోతోందమ్మా. మా అత్తగారికి ఎదురు చెప్పలేం. అందుకని హాల్లో ఏసీ పెట్టి, ఆ తెర మడిచి పెడుతున్నాం. గాలి తగలకుండా చల్లదనం ఒక్కటే దానంతటదే అటు పాకుతుందేమోనని."

షావుకారుగారి బిల్లు ఎందుకు రెట్టింపైందో నాకు అర్థమైంది. ఒక గదిలోని ఇద్దరి కోసం ఎవరూ లేని హాలును మంచుగడ్డ చేస్తున్నారు. ఆ ఇద్దరికీ అది అందడం లేదు.

లోపలికి వెళ్ళి చూస్తానన్నాను. "వెళితే తలస్నానం చేసేదాకా ఇంకెవరినీ ముట్టుకోకూడదమ్మా." "చేస్తానండీ," అన్నాను.

ఆ గదిలో అడుగుపెట్టగానే నా కళ్ళజోడు మసకబారింది. మంచం మీద ఒకమ్మాయి కూర్చుని ఉంది. ఇంచుమించు నా ఈడు. చెవుల్లో దూది, తలకు గట్టిగా చుట్టిన గుడ్డ, మెడ మీద చెమట. ఒళ్ళో పసివాడు. వాడి వీపంతా చెమటకాయలతో ఎర్రగా పేలిపోయి ఉంది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. నేను ఎవరో, ఎందుకు వచ్చానో చెప్పాను. ఆమె నవ్వడానికి ప్రయత్నించింది.

"బిల్లు సంగతి తర్వాత చూద్దురు గానీ, వీడు నిద్రపోయే ఉపాయం ఏమైనా ఉందా అండీ? పుట్టిన దగ్గర్నుంచీ పగలు కన్ను మూయడం లేదు. వీడితో పాటు నేనూను."

నేను గోడలను, కప్పును కొలిచి అంకెలు రాసుకున్నాను. కప్పు అంకె అన్నిటికన్నా పెద్దది. దాని గురించి ఆలోచించే స్థితిలో నేను లేను. ఎదుట ఒక అన్యాయం కనబడుతోంది, దాన్ని ఖండించడానికి కావలసిన వాక్యాలు అప్పటికే నా మనసులో వరుస కడుతున్నాయి.

వరండాలో ఆ పెద్దావిడ, మామ్మగారు, పీట వేసుకుని కూర్చుని చింతపండు పిక్క తీస్తున్నారు. నేను దూరంగా నిలబడే మొదలుపెట్టాను.

"మామ్మగారూ, బాబుకి ఒళ్ళంతా పేలింది. ఫ్యాను వేయవచ్చని హాస్పిటల్లో డాక్టరు చెప్పలేదా అండీ?"

"డాక్టరమ్మ పురుడు పోసి పంపించేస్తుందమ్మా. తర్వాత నలభై ఏళ్ళు నడుం నొప్పితో తిరిగేది మేము," అన్నారు ఆవిడ తలెత్తకుండా.

"నడుం నొప్పికీ ఫ్యానుకీ సంబంధం ఉందని రుజువేమిటండీ?"

"నా నడుమే రుజువు."

మీరు గనక అక్కడ ఉంటే నవ్వేవారు. నాకు నవ్వు రాలేదు. ఆ క్షణంలో షావుకారుగారు గుమ్మంలో నిలబడి వింటున్నారని గమనించి, నా వాదనను ఆయన వృత్తి వైపు మళ్ళించాను. ఎదుటివారి అనుభవంలోంచే ఉదాహరణ తీయాలని మనకు నేర్పుతారు కదా.

"షావుకారుగారూ, మీ గోడౌనులో ఉల్లిపాయలకు గాలి ఆడాలని జాలీ గోడలు కట్టించారు, బస్తాల మధ్య సందులు వదిలారు. మూసి పెడితే ఒక్క వారంలో కుళ్ళిపోతాయని మీకు తెలుసు. ఉల్లిపాయకు ఇచ్చిన గాలి కన్నకూతురికి ఎందుకు ఇవ్వరండీ?"

వేదిక మీద అయితే ఆ వాక్యానికి హాలు దద్దరిల్లేది. ఇక్కడ చింతపండు పిక్కలు గిన్నెలో పడే చప్పుడు ఆగిపోయింది.

"నా మనవరాలు నీకు కుళ్ళిపోయే ఉల్లిపాయలా కనబడిందా అమ్మా?" అన్నారు మామ్మగారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది.

షావుకారుగారు మర్యాదస్తులు. "మీ ఫీజు ఎంతో చెప్పండి, పంపించేస్తాను," అని పెద్దాయనకు నమస్కారం పెట్టారు. వెళ్ళిరండి అనడానికి అంతకన్నా మెత్తని మార్గం లేదు.

ఏలూరు బస్సులో పెద్దాయన నాకు ఒక సీటు ఎడంగా కూర్చున్నారు. మైల సంగతి ఆయనా పాటిస్తారని అప్పుడే తెలిసింది. భీమడోలు దాటాక నా వైపు తిరిగారు.

"గెలిచావమ్మాయ్," అన్నారు. "చప్పట్లు కొట్టేవాళ్ళే లేరు."

"న్యాయం నా వైపు లేదంటారా సార్?"

"ఎందుకు లేదు? నీ వైపే ఉంది. పిల్లాడు మాత్రం ఆ గదిలోనే ఉన్నాడు."



మర్నాడు ఆయన మళ్ళీ తాడేపల్లిగూడెం బయల్దేరుతూ నన్ను కూడా రమ్మన్నారు. క్షమాపణ తాను చెబుతానన్నారు. నాకు ఒకటే షరతు పెట్టారు: "నీకు జవాబు తెలిసిన ప్రశ్న ఒక్కటి కూడా వేయకు." ఇది మన శిక్షణకు పూర్తిగా విరుద్ధమని మీకు తెలుసు. ఎదుటివారు ఏం చెబుతారో ముందే లెక్కగట్టి, వాళ్ళు తప్పించుకోలేని ప్రశ్న వేయడమే మనకు విద్య. ఎక్కడికి తీసుకెళుతుందో తెలియని ప్రశ్న వేయడం నేను అంతకు ముందు ఎన్నడూ చేయలేదు.

పెద్దాయన మజ్జిగ పుచ్చుకున్నారు. "మా అమ్మాయికి చదువు ఎక్కువైంది, భోజనం తక్కువైంది, మీరు మనసులో పెట్టుకోకండి," అన్నారు. మామ్మగారు నా వైపు చూసి, "స్నానం చేశావా నిన్న?" అన్నారు. "తలమీదుగా చేశానండీ," అన్నాను. అలా సంధి కుదిరింది.

అప్పుడు నేను నాకు జవాబు తెలియని ప్రశ్న అడిగాను. "మామ్మగారూ, గాలి అంటే మీకు అంత భయం ఎందుకండీ?"

ఆవిడ చెప్పుకొచ్చారు. ఆవిడను ఇచ్చింది కొల్లేటి మధ్య ఒక లంక గ్రామానికి. పెళ్ళైన కొత్తలో తోటికోడలు ముసురు పట్టిన రోజుల్లో ప్రసవించింది. కొల్లేటి మీద నుంచి వచ్చే తడి గాలికి జ్వరం తగిలిందన్నారు. పడవ మీద డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. గాలివానలో పడవ కదలలేదు. "ఆ పిల్ల నా చేతుల్లో పోయిందమ్మా. నా కంటే చిన్నది. అప్పటి నుంచి మా ఇంట్లో ఏ బాలింత దగ్గరికీ నేను గాలి రానివ్వలేదు. అందరూ బతికారు."

ఆ జ్వరానికి కారణం గాలి కాదని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. అయితే ఆ రోజు అది చెప్పాలని నాకు తోచలేదు. నిన్నటి నుంచి నేను మూఢనమ్మకం అని పిలుస్తున్నది, ఆవిడ వైపు నుంచి చూస్తే, ఒక మనిషిని మళ్ళీ పోగొట్టుకోకుండా యాభై ఏళ్ళకు పైగా కాసిన కాపలా.

"మరి ఎండాకాలంలో పురుడొస్తే లంకలో ఎలా చేసేవారండీ? తలుపులు మూస్తే ఉడికిపోరా?"

"ఎందుకు ఉడుకుతారమ్మా? కిక్కిస గడ్డి కప్పు కదా. కొల్లేట్లో కోసుకొచ్చి మూరెడు మందాన కప్పేవాళ్ళు. తలుపులన్నీ బిగించినా లోపల కుండలో ఉన్నట్టుండేది. గాలి అక్కర్లేదు దానికి."

నేను అప్రయత్నంగా తల పైకెత్తాను. నిన్న రాసుకున్న అంకెల్లో పెద్దది కప్పుదే. ఆ గదికి పైన మరో అంతస్తు లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఎండ నేరుగా శ్లాబు మీదే పడుతుంది. మేము ఇన్నాళ్ళూ చల్లగాలి ఎక్కడి నుంచి తేవాలా అని వెతికాం. వేడి ఎక్కడి నుంచి వస్తోందో అడగలేదు.

"మామ్మగారూ, ఒక్క పిసరు గాలి తగలకుండా ఆ గది చల్లబడితే మీకేమైనా అభ్యంతరమా అండీ?"

"గాలి తగలకపోతే నాకేం అభ్యంతరం? వాడికి నేనేమన్నా శత్రువునా?" అన్నారు ఆవిడ, ఈసారి కాస్త గొంతు పెంచి.

మేడ మెట్లెక్కాం. చెప్పుల్లోంచి కాళ్ళు కాలాయి. ఒక పక్క పండు మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నిన్న పోస్తే ఇవాళ్టికి గలగలలాడుతున్నాయని షావుకారుగారు గొప్పగా చెప్పారు. "మిరపకాయలకి మంచిదేనండీ. వాటి కింద మీ మనవడు ఉన్నాడు," అన్నారు పెద్దాయన. షావుకారుగారు ఆ మిరపకాయల వైపు కొత్తగా చూశారు.

వారంలో బారసాల. వీధిలో కొబ్బరాకుల పందిరికి అప్పటికే మనుషులను మాట్లాడి ఉంచారు. ఆ పందిరిని మేడమీద, సరిగ్గా ఆ గది పైన, ఇప్పుడే వేయించమని అడిగాను. పడమటి గోడ మీదికి కూడా మట్టలు వేలాడేలా కట్టించమన్నాను. భోజనాలు పైనే పెట్టుకోవచ్చన్నాను.

"భలేవారండీ!" అన్నారు షావుకారుగారు. "బంధువులను మేడ ఎక్కిస్తే ఊరుకుంటారా? మా బావగారికి మోకాళ్ళు వంగవు. పైగా గుమ్మం ముందు పందిరి లేకపోతే శుభకార్యమని ఎవరికి తెలుస్తుంది?"

కింద నుంచి మామ్మగారి గొంతు వినిపించింది. ఆవిడ మెట్ల దగ్గరే ఉండి అంతా వింటున్నారు. "గుమ్మానికి రెండు అరటి చెట్లు కట్టు, తెలుస్తుంది. మీ బావ హాల్లో కూర్చుని తింటాడు. పందిరి పైన వేయించరా!"

పందిరి వాళ్ళు వచ్చాక ఇంకో చిక్కు. ఎలాగూ నీడ కోసమే కదా అని షావుకారుగారు మట్టలను శ్లాబు మీదే పరిచెయ్యమన్నారు. పెద్దాయన ఒప్పుకోలేదు, మనిషి ఎత్తున గుంజలు నిలబెట్టించి, మట్టలకూ శ్లాబుకూ మధ్య గాలి తిరిగేలా వేయించారు. "ఈ గాలి ఎవరికీ తగలదు లెండి మామ్మగారూ," అని కిందికి కేక వేస్తే, "నాకు తెలుసులే బాబూ," అని జవాబొచ్చింది.

ఆ మర్నాడే షావుకారుగారి ఫోను. పందిరి వేశాం, గది అలాగే ఉంది, పిల్లాడు అలాగే ఏడుస్తున్నాడు.  నా మాట మీదే ఆ పందిరి మేడెక్కింది. పెద్దాయన ఫోను అందుకున్నారు. "శ్లాబు ఇన్నాళ్ళూ తాగిన ఎండను ఒక్క పూటలో కక్కదండీ. పొద్దు వాలాక పైన నీళ్ళు చల్లించండి. కాస్త ఓపిక పట్టండి." ఫోను పెట్టేసి నాతో అన్నారు, "మనం కూడా పడదాం." ఆ తర్వాత ఫోను రాలేదు. ఫోను రాకపోవడం మంచికో చెడుకో తేల్చుకోలేక ఆ రోజులన్నీ ఏ ఇంటికి వెళ్ళినా పరధ్యానంగానే కొలతలు తీశాను.

బారసాల సంగతి చెప్పేముందు, ఆ ఉద్యోగం నాకు ఇచ్చిన వాటికి కృతజ్ఞత చెప్పుకోవాలి. ఆ ఇంటి తర్వాత నేను ఎక్కడికి వెళ్ళినా మీటరు కంటే ముందు ఒకటే అడిగేదాన్ని: "మీ ఇంట్లో అన్నిటికంటే ఉడుకుగా ఉండే గది ఏది? అందులో ఎవరు పడుకుంటారు?" చాలా ఇళ్ళలో బిల్లు గుట్టు అక్కడే ఉంటుంది. ఆ గదిలో ఉన్నవారి కోసం మిగతా ఇల్లంతా కరెంటు కాలుస్తుంది. కప్పుకు తెల్ల సున్నం కొట్టించండి, మొక్కల నర్సరీల్లో కట్టే ఆకుపచ్చ వల కట్టించండి, తీగ పాదు ఎక్కించండి, ఏదైనా సరే. ఎండను ఇంటి బయటే ఆపితే లోపల ఏసీకి సగం పని తగ్గుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. లంకలో కాపురం చేసిన ఒక పెద్దావిడ జ్ఞాపకం, మా పెద్దాయన మజ్జిగ గ్లాసు, నా సంచీలోని ఒక అంకె, ఈ మూడూ ఒక చోట కూర్చుంటే దొరికింది. అక్కడ మీరు ఓడిపోయారా అని మీలో ఎవరైనా అడిగితే, ఆ వరండాలో ఎవరూ ఓడిపోలేదని చెబుతాను. ఫ్యాను విషయంలో నా అభిప్రాయం మారలేదు. మామ్మగారిదీ మారలేదు. నెల దాటాక కిటికీ పై రెక్కలు ఆవిడే తీయించారని మాత్రం తర్వాత విన్నాను.

బారసాలకు మా ఇద్దరికీ పిలుపొచ్చింది. పిలిచింది షావుకారుగారే అయినా, "ఉల్లిపాయలమ్మాయిని కూడా తీసుకురండి" అని కబురు పెట్టింది ఎవరో వేరే చెప్పక్కర్లేదు.

మేము వెళ్ళేసరికి ఇల్లంతా చుట్టాలు. ఇంతమంది ఉన్న ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉండటం నేను చూడలేదు. హాల్లో ఏసీ తిరగడం లేదు. ఫ్యాన్ల కిందే అందరూ గుసగుసలాడుతున్నారు. పడమటి గది తలుపు మూసి ఉంది. దాని ముందు మామ్మగారు కుర్చీ వేసుకుని, దగ్గరికి వచ్చిన ప్రతి ఒక్కరినీ చూపుతోనే వెనక్కి పంపుతున్నారు. నన్ను చూసి వేలు పెదవుల మీద పెట్టుకున్నారు.

"పడుకున్నాడు," అన్నారు వినీ వినబడకుండా. "నిన్న మధ్యాహ్నం పడుకున్నాడు. మొన్నా పడుకున్నాడు. తల్లి కూడా."

  మామ్మగారు తన పక్కన నేల మీద చోటు చూపించారు. కూర్చున్నాను.

ఇంతలో పురోహితుడుగారు గడియారం చూసుకుంటూ వచ్చారు. "అమ్మా, ముహూర్తం దాటిపోతుంది. పిల్లవాణ్ణి తీసుకురండి."

"పడుకున్నాడండీ."

"లేపాలి కదమ్మా. పేరు పెట్టాలి."

"బియ్యంలో పేరు రాసేది వాళ్ళ నాన్న. వీడు లేచి చదవాలా ఏమిటి?"

చుట్టాల్లో ఎవరో నవ్వబోయి నోరు మూసుకున్నారు. పురోహితుడుగారు షావుకారుగారి వైపు చూశారు. షావుకారుగారు పైకప్పు వైపు చూశారు. ఆచారం ఒక్క అక్షరం తప్పనివ్వని మామ్మగారు ఇలా అంటారని ఆ ఇంట్లో ఎవరూ ఊహించలేదు. ఆవిడే లేచి తలుపు కొంచెం తీశారు. లోపలి నుంచి ఉక్క రాలేదు. మనవరాలిని మెల్లగా తట్టి లేపి, నిద్రపోతున్న పిల్లవాడితో సహా గడప లోపల కూర్చోబెట్టి, బియ్యం పళ్ళెం అక్కడికే తెప్పించారు. అల్లుడు గడప ఇవతల కూర్చుని బియ్యంలో పేరు రాశాడు. మంత్రాలు కూడా పురోహితుడుగారు గొంతులోనే చదువుకున్నారు.

మిగిలింది పేరును పిల్లవాడి చెవిలో మూడుసార్లు చెప్పడం. అల్లుడు ముందుకు వంగాడు. మామ్మగారు అతని భుజం మీద చేయి వేశారు.

"మెల్లిగా, నాయనా."

అతను పెదవులు కదిలీ కదలనట్టు చెప్పాడు. గడప పక్కనే ఉన్న నాకు కూడా వినబడలేదు. పిల్లవాడు ఒక్కసారి పెదవులు చప్పరించి, తల్లి మోచేతి వంపులోకి ముఖం ఒదిగించి, మళ్ళీ నిద్రలోకి జారిపోయాడు.